ఇరుక్కున్న గేరు: ముందు మూత తీయండి, తరువాతే బండి విప్పండి



పాల సంఘాల పత్రికలో ట్రాక్టరు గేరు బాక్సు గురించి పాఠం ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. పచ్చిమేత, దూడల పెంపకం, క్యాన్ల శుభ్రత వంటివి కదా మనకు కావలసినవి అనవచ్చు. నిజమే. అయితే మీరు పొద్దున్నే లేచి పితికి, కేంద్రంలో తూకం వేయించిన పాలు శీతలీకరణ కేంద్రానికి చేరవలసినది చక్రాల మీదనే. ఆ చక్రాలు ఆగితే మీ కష్టమంతా దారిలోనే ఆగుతుంది. వ్యాను తిరగని శివారు పల్లెల నుండి క్యాన్లు తెచ్చేందుకు సంఘం ట్రాక్టరునో, సభ్యుని ట్రాక్టరునో వాడుకునే చోట్లు వున్నాయి. ఆ బండ్లలో పాతవే ఎక్కువ.

పొదుగు నుండి వచ్చిన పాలు పశువు ఒంటి వేడితో వుంటాయి. వాటిని ఎంత త్వరగా 4 డిగ్రీల చల్లదనానికి తెస్తే అంత మంచిది. ఎండాకాలంలో కొద్ది గంటల ఆలస్యం చాలు, పాలలో పులుపు పెరుగుతుంది. పరీక్ష గొట్టంలో మరిగించగానే విరిగిపోతాయి. అప్పుడు ఆ క్యాను వెనక్కి రాక తప్పదు. కనుక గేరు బాక్సు పాఠం కూడా పాల పాఠమే.

నేను చేసిన ఒక పొరపాటు

ఈ పాఠం నేను పుస్తకంలో నేర్చుకోలేదు. ఒక పొరపాటు చేసి నేర్చుకున్నాను. దానిని దాచకుండా ముందే చెబుతాను.

2009 మే నెలలో నా పరిధిలోని ఒక సంఘంలో పాత ట్రాక్టరు, ట్రాలీలో 11 క్యాన్లతో చెరువు కట్ట ఎక్కుతూ ఆగింది. చివరి క్యాను ఎక్కించుకునేందుకు డ్రైవరు బండి నిలిపాడు. మళ్లీ కదిలిద్దామంటే గేరు పడలేదు. గేరు రాడ్డు గంజిలో గరిటె తిరిగినట్లు అటూ ఇటూ తేలికగా తిరుగుతోంది. ఇంజను నడుస్తోంది. క్లచ్ వదలగానే గుక్క తిప్పుకోకుండా ఆగిపోతోంది. అతను బలవంతం చేయలేదు. చక్రాలకు రాళ్లు అడ్డు పెట్టి, క్యాన్ల మీద గోనెసంచులు కప్పి, మూడు మైళ్లు నడిచి వచ్చి కార్యదర్శికి చెప్పాడు. వేరే బండి దొరికి పాలు చేరేసరికి మధ్యాహ్నమైంది. 440 లీటర్లూ పరీక్షలో విరిగాయి.

ట్రాక్టరును పట్నంలోని ఒక వర్క్‌షాపుకు లాగించారు. అక్కడ బండిని మధ్యకు రెండుగా విడదీసి, తొమ్మిది రోజుల తరువాత అప్పగించారు. ఓచరులో 'గేరు బాక్సు ఓవర్‌హాలింగ్' అని వుంది. తనిఖీకి వెళ్లిన నేను ఆ మొత్తం చూసి, పాల నష్టం కూడా చూసి, నివేదికలో ఒక వాక్యం రాశాను: "డ్రైవరు అజాగ్రత్త వలన కలిగిన నష్టము. బాధ్యుని నుండి రాబట్టవలెను." పాలకవర్గం ఆ వాక్యాన్ని పట్టుకుని అతని జీతంలో నెలనెలా కోత పెట్టింది. మూడు నెలలు భరించి అతను పని మానేశాడు.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివిన వాడిని. గేరు బాక్సు బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న వాడిని. అయినా ఆ బండి దగ్గరకు వెళ్లి ఒక్కసారి కూడా చూడలేదు. ఓచరు మాత్రమే చూశాను. తరువాత ఏమి జరిగిందో చివర చెబుతాను. ముందు యంత్రం సంగతి తెలుసుకుందాం.

పాత బండి గేరు బాక్సులో ఏముంది?

మన దేశంలో తయారైన మొదటి ట్రాక్టరు 1959లో ఫరీదాబాదులోని ఐషర్ కర్మాగారం నుండి వచ్చింది. 1960లో మద్రాసులో టాఫే సంస్థ ఏర్పడి మాసే ఫెర్గూసన్ బండ్లు తయారుచేసింది. 1971లో పింజోరులో హెచ్.ఎం.టి., 1974లో పంజాబు నుండి స్వరాజ్ వచ్చాయి. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల తయారీ 2016లో ఆగిపోయినా ఆ బండ్లు ఇంకా అక్కడక్కడ పొలాల్లో తిరుగుతూనే వున్నాయి. ఇటువంటి పాత బండ్లలో చాలావాటికి జరిగే గేర్ల పద్ధతి వుంటుంది. అంటే పళ్ల చక్రమే ఇరుసు మీద ముందుకో వెనక్కో జరిగి, ఇంకో పళ్ల చక్రంతో కలుస్తుంది.

35 హార్స్‌పవర్ పాత బండిని ఉదాహరణగా తీసుకుందాం. ముందుకు మూడు, వెనక్కి ఒక గేరు. పక్కన హై–లో రాడ్డు ఇంకొకటి. దానితో కలిపితే ముందుకు ఆరు, వెనక్కి రెండు అవుతాయి. డ్రైవరు చేతిలో వున్న గేరు రాడ్డు నేరుగా పళ్ల చక్రాన్ని జరపదు. మధ్యలో నాలుగు వస్తువులు వున్నాయి. వీటి పేర్లు గుర్తుంచుకుంటే సగం పాఠం వచ్చినట్లే.

1. రాడ్డు కింది కొన. ఇది నాలుకలా వుండి కింది గాడిలో కూర్చుంటుంది.

2. సెలెక్టరు కడ్డీలు. ఇవి పక్కపక్కనే వుంటాయి. ఒకటి మొదటి గేరుకు, రివర్సుకు. ఇంకొకటి రెండవ, మూడవ గేర్లకు. ప్రతి కడ్డీకి ఒక గాడి వుంటుంది. న్యూట్రల్‌లో ఈ గాడులన్నీ ఒకే వరుసలో నిలుస్తాయి. అప్పుడే నాలుక ఒక గాడి నుండి ఇంకో గాడికి పోగలుగుతుంది.

3. ఫోర్కులు. కడ్డీకి బిగించిన పంగలు ఇవి. పళ్ల చక్రం మెడను పట్టుకుని జరుపుతాయి.

4. గుండు, స్ప్రింగు. కడ్డీ తన చోటికి రాగానే గుండు గుంటలో పడి 'టక్' మంటుంది. బండి ఊగినా గేరు ఊడిపోకుండా పట్టి వుంచేది ఇదే. ఒక కడ్డీ కదిలినప్పుడు రెండవది కదలకుండా ఆపే చిన్న పిన్ను కూడా చాలా బండ్లలో వుంటుంది.

ఏళ్ల తరబడి వాడగా నాలుక అంచులు అరిగి గుండ్రమవుతాయి. గాడి వెడల్పవుతుంది. ఆపే పిన్ను కూడా అరుగుతుంది. అప్పుడు డ్రైవరు ఒక గేరు నుండి ఇంకో గేరుకు మార్చేటప్పుడు, మొదటి కడ్డీ పూర్తిగా న్యూట్రల్‌కు రాకముందే నాలుక జారి రెండవ గాడిలోకి పోతుంది. ఫలితంగా రెండు గేర్లు ఒకేసారి పడతాయి. ఒక గేరు ఇరుసును నెమ్మదిగా తిరగమంటుంది, ఇంకొకటి వేగంగా తిరగమంటుంది. ఆ రెండు మాటలూ ఒకేసారి వినలేక ఇరుసు కదలకుండా నిలిచిపోతుంది. కాడి కింది రెండు ఎడ్లు చెరొక దిక్కు లాగినట్లన్న మాట. పళ్లు విరగలేదు, బేరింగు పోలేదు. మూత కింద అరచేయి పట్టేంత చోటులో వచ్చిన చిక్కు అది.

ఇరుక్కున్నది ఎక్కడో కనిపెట్టడం

పశువు మేత మానేస్తే వెంటనే ఇంజక్షను పొడవం. ముందు నోరు చూస్తాం, పొట్ట చూస్తాం, పేడ చూస్తాం. బండికి కూడా అంతే. ఈ ప్రశ్నలు వరుసగా వేసుకోండి.

మొదటి ప్రశ్న: ఇంజను ఆపినప్పుడు గేర్లు సులువుగా పడుతున్నాయా? ఆపినప్పుడు చక్కగా పడి, నడుస్తున్నప్పుడు మాత్రం గరగరమని పడకపోతే తప్పు సాధారణంగా గేరు బాక్సుది కాదు. క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. దానిని సరిచేయాలి.

రెండవ ప్రశ్న: రాడ్డు వదులుగా తిరుగుతోందా, గట్టిగా బిగిసిందా? వదులుగా తిరుగుతూ ఏ గేరూ తగలకపోతే నాలుక గాడి నుండి బయటపడిందని అనుమానించాలి. ఒక గేరులో బిగిసి బయటకు రాకపోతే మూడు కారణాలు వుండవచ్చు. వాలులో నిలిపినందున పళ్ల మీద బరువు పడి వుండవచ్చు. కడ్డీ తుప్పు పట్టి వుండవచ్చు. లేదా క్లచ్ విడవకపోయి వుండవచ్చు.

మూడవ ప్రశ్న: చదును నేల మీద, ట్రాలీ విప్పి, బ్రేకు వదిలి, క్లచ్ పూర్తిగా నొక్కి వుంచి, నలుగురు నెడితే బండి కదులుతోందా? కదిలితే గేర్లు లాక్ కాలేదు. కదలకపోతే రెండు గేర్లు పడి వుండాలి, లేదా బ్రేకు పట్టేసి వుండాలి.

ఈ రెంటిలో ఏదో తేల్చుకునేందుకు తేలికైన పరీక్ష వుంది. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, వెనుక ఇరుసు కింద రెండు వైపులా గట్టి కర్ర దిమ్మెలు పేర్చి, వెనుక చక్రాలు రెండూ నేల విడిచేలా లేపాలి. జాకీ మీదనే బండిని వుంచి పని చేయరాదు. ఇటుకలు, రాళ్లు పేర్చరాదు. ఇంజను ఆపి వుండాలి. ఇప్పుడు ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండవ చక్రం ఎదురు దిక్కుకు తిరిగితే బ్రేకులు, డిఫరెన్షియలు బాగానే వున్నట్లు, లాక్ గేరు బాక్సులో వున్నట్లు. ఒక చక్రం అసలు తిరగకపోతే ముందు దాని బ్రేకు చూడండి.

వాలులో బిగిసిన గేరుకు పనిముట్లేమీ అవసరం లేదు. చక్రాలకు అరడుగు ఎడంగా అడ్డు పెట్టి, క్లచ్ నొక్కి, బండిని కొద్దిగా ముందుకు వెనక్కు ఊపండి. పళ్ల మీద బరువు తగ్గిన క్షణంలో రాడ్డు దానంతటదే వస్తుంది. వాలు కింది వైపున ఎవ్వరూ నిలబడకూడదు.

మూత తీసే పద్ధతి

నాలుక జారిందని తేలితే బండిని రెండుగా విడదీయనక్కర లేదు. గేరు రాడ్డు కూర్చున్న పై మూత తీస్తే చాలు. పాత బండ్లలో చాలావాటికి ఇది సీటు ముందరే వుంటుంది. చేయి తిరిగిన మెకానిక్కును పిలిపించి, సంఘం తరఫున ఒకరు పక్కన వుండి చూడండి.

1. బండిని చదునుగా నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజను ఆపి, బ్యాటరీ ఎర్తు వైరు విప్పాలి.

2. మూత చుట్టూ డీజిలుతో, బ్రష్షుతో మట్టి అంతా కడిగి గుడ్డతో తుడవాలి. పొదుగు కడగకుండా పాలు పితికితే చెంబులో ఏమి పడుతుందో మీకు తెలుసు. ఇక్కడ కూడా అంతే. ఒక చిటికెడు ఇసుక లోపల పడితే బేరింగులను నమిలేస్తుంది.

3. బోల్టులు ఒకే పొడవు వుండకపోవచ్చు. అట్టముక్కకు కన్నాలు పొడిచి, ఏ బోల్టు ఏ చోటుదో ఆ వరుసలోనే గుచ్చి వుంచాలి. పొడవు బోల్టును పొట్టి కన్నంలో బిగిస్తే అది లోపలి కడ్డీని నొక్కి, మళ్లీ గేరు ఇరుక్కుంటుంది.

4. మూతను నిటారుగా, నెమ్మదిగా లేపాలి. కొన్ని నమూనాల్లో గుండ్లు, స్ప్రింగులు మూత కిందనే వుంటాయి. ఎగిరి లోపల పడకుండా చేయి అడ్డు పెట్టాలి.

5. టార్చి వేసి చూడండి. గాడులు ఒకే వరుసలో వుంటే అన్నీ న్యూట్రల్. ఒకటి ముందుకో వెనక్కో జరిగి వుంటే ఒక గేరు పడి వున్నట్లు. రెండు వరుస తప్పి వుంటే మీ దొంగ దొరికినట్లే.

6. వరుస తప్పిన కడ్డీని ఇత్తడి ముక్కతోనో గట్టి కర్ర ముక్కతోనో ఆనించి, చిన్న సుత్తితో మెల్లగా తట్టి మధ్యకు తేవాలి. అవసరమైతే ఇంకొకరు వెనుక చక్రాన్ని కొద్దిగా ఊపుతూ వుండాలి. 'టక్' మని గుండు పడిన శబ్దం వచ్చేవరకు ఆగండి. పళ్ల చక్రాల మధ్య గడ్డపార పెట్టి ఎత్తరాదు.

7. ఇక్కడితో పని అయిపోయిందని మూత వేసేయడమే మనవాళ్లు చేసే పెద్ద తప్పు. జారడానికి కారణం ఇంకా అక్కడే వుంది. నాలుక అంచులు, గాడి అంచులు, ఫోర్కు కొనలు, ఫోర్కు బిగింపు స్క్రూ, గుండు స్ప్రింగు, రాడ్డు మెడ దగ్గరి పిన్ను, స్ప్రింగు ఒక్కొక్కటీ చూడాలి. నాలుక అరిగితే కొత్త రాడ్డు వేయడం మేలు. దొరకని బండికి నాలుకను విడిగా తీసి, వెల్డింగు పోయించి, గాడికి సరిపడా అరగదీయించవచ్చు. బండి మీద వుంచి వెల్డింగు చేయించరాదు.

8. కొత్త ప్యాకింగు వేసి, నాలుక గాడిలో కూర్చున్నదని చూసుకుని, మూత దించాలి. బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఇంజను వేయకముందే, క్లచ్ నొక్కి, ప్రతి గేరూ చేత్తో వేసి తీసి చూడాలి.

నూనె చెప్పే సంగతి

మూత తీసినప్పుడు నూనెను తప్పక చూడండి. మంచి నూనె తేనెలా జారుతుంది. మజ్జిగలా తెల్లబడి వుంటే నీళ్లు చేరినట్లు. దమ్ము చేసేటప్పుడు కేజీ వీల్సుతో ఇరుసు మునిగేదాకా దించడం వల్ల, సీళ్లు అరగడం వల్ల, రాడ్డు చుట్టూ వుండే రబ్బరు తొడుగు చిరగడం వల్ల నీళ్లు పోతాయి. పంపు నీళ్లు నేరుగా మూత మీద కొట్టి కడగడం ఇంకొక కారణం. నీళ్లు చేరిన బండి వానాకాలమంతా నిలబడితే కడ్డీలు తుప్పు పట్టి తమ చోటనే బిగిసిపోతాయి. వాటికి డీజిలు పోసి ఒక రాత్రి నాననిచ్చి, మెల్లగా తట్టి విడదీయాలి. పాత నూనె తీసేసి, కొత్తది పోయాలి. చాలా పాత బండ్లలో గేరు బాక్సుకు, వెనుక ఇరుసుకు, లిఫ్టుకు ఒకే నూనె. ఏ నూనె, ఎంత అన్నది ఆ బండి పుస్తకంలో చూసి పోయాలి.

నూనె దించినప్పుడు అడుగున చూడండి. పిండిలాంటి సన్నని పొడి సహజంగా అరిగిన దాని గుర్తు. గోరంత ముక్కలు, పళ్ల చెక్కులు కనిపిస్తే అది వేరే జబ్బు.

క్లచ్ అంటుకుంటే

చాలాకాలం చెమ్మలో నిలబడిన బండికి క్లచ్ పలక తుప్పుతో ఫ్లైవీలుకు అంటుకుంటుంది. పెడల్ నొక్కినా విడవదు. ముందుగా పెడల్ వదులు చూడండి. అది పుస్తకంలో చెప్పిన దానికంటే ఎక్కువైతే సరిచేస్తే చాలు. అంటుకున్నదని తేలితే, న్యూట్రల్‌లో ఇంజను కొంతసేపు నడిపి వేడెక్కనిచ్చి, ఆపి, పెడల్ పూర్తిగా నొక్కి కర్ర అడ్డు పెట్టి రాత్రంతా వుంచండి. చాలాసార్లు తెల్లవారేసరికి విడిపోతుంది. విడవకపోతే గేరు వేసి లాగించి విడదీసే పద్ధతి ఒకటి వుంది. అది అనుభవం గల మెకానిక్కు, ఖాళీ పొలంలో, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చేయవలసిన పని. వానాకాలంలో బండి నిలిపి వుంచేటప్పుడు పెడల్ నొక్కి కర్ర పెట్టి వుంచితే ఈ తిప్పలే రావు.

చేయరాని పనులు

గేరు రాడ్డుకు ఇనుప గొట్టం తొడిగి బలవంతంగా లాగరాదు. నాలుక విరుగుతుంది, ఫోర్కు వంగుతుంది. చిన్న పని పెద్దదవుతుంది.

కింద నిలబడి స్క్రూడ్రైవరుతో స్టార్టరు మొనలు కలిపి ఇంజను వేయరాదు. ఇది అన్నిటికంటే ముఖ్యం. కొన్ని బండ్లలో రాడ్డు న్యూట్రల్‌లో వుంటేనే స్టార్టరు తిరిగే ఏర్పాటు వుంటుంది. గేరు ఇరుక్కున్న బండి స్టార్టు కాకపోతే ఆ ఏర్పాటు తన పని తాను చేస్తున్నట్లు. దానిని తప్పించి మొనలు కలిపితే ఇంజను అందుకోగానే బండి ముందుకు దూకుతుంది. కలిపినవాడు నిలబడేది సరిగ్గా వెనుక చక్రం ముందర. తప్పుకునే వ్యవధి వుండదు.

ఇరుక్కున్న బండిని ఇంకో ట్రాక్టరు కట్టి జబర్దస్తీగా లాగరాదు. రెండు గేర్లు పడి వున్నప్పుడు లాగితే అప్పటిదాకా బాగున్న పళ్లు అప్పుడు విరుగుతాయి.

విప్పక తప్పనప్పుడు ఓచరు ఎలా వుండాలి

కడ్డీలన్నీ న్యూట్రల్‌లో వున్నా ఇరుసు తిరగకపోతే, నూనెలో పళ్ల చెక్కులు వస్తే, నడుస్తున్నప్పుడు బేరింగు మూలుగు వినిపిస్తే బండిని విప్పక తప్పదు. విప్పవలసినప్పుడు వెనుకాడరాదు. అయితే సంఘం డబ్బు సభ్యుల పాల డబ్బు. కనుక పాలకవర్గం ఈ నియమాలు పెట్టుకోవాలి.

విప్పడానికి ముందు మూత తీసి చూసినట్లు, ఏమి కనిపించినదీ లాగ్ పుస్తకంలో రాయాలి. పాలకవర్గ సభ్యుడొకరు, డ్రైవరు దగ్గర వుండి సంతకం చేయాలి. బిల్లులో 'ఓవర్‌హాలింగ్' అనే ఒక్క మాట చాలదు. మార్చిన ప్రతి సామాను పేరు, ధర, కూలి విడివిడిగా వుండాలి. మార్చిన పాత సామాన్లు తిరిగి తెచ్చి, గుర్తు చీటీ కట్టి, తనిఖీ అయ్యేవరకు భద్రపరచాలి. పాత పళ్ల చక్రం చూపని బిల్లుకు కొత్త పళ్ల చక్రం సొమ్ము చెల్లించరాదు. డ్రైవరు మీద బాధ్యత వేసే ముందు, అతని మాట రాతలో తీసుకోవాలి.

బండి ఆగినప్పుడు పాల సంగతి

బండి సంగతి తరువాత, ముందు పాలు. క్యాన్లను వెంటనే నీడకు దించి, తడి గోనెసంచులు చుట్టి, ఆరకుండా నీళ్లు చల్లుతూ వుండాలి. రాత్రి పాలను పొద్దుటి పాలలో కలపరాదు. శీతలీకరణ కేంద్రానికి, పక్క సంఘానికి వెంటనే ఫోను చేయాలి. ఆటో గాని, పక్క ఊరి బండి గాని ఎవరిది పిలవాలో పేర్లు, నంబర్లు కేంద్రం గోడ మీద ముందే రాసి వుంచండి. ఆలస్యమైందని పాలలో సోడా వంటివి ఏవీ కలపరాదు. అది నేరం. తాగే పిల్లలకు హాని.

మిగిలిన కథ

2010 ఆగస్టులో అదే సంఘంలో అదే ట్రాక్టరు మళ్లీ ఆగింది. ఈసారి డ్రైవరు వేరు, చోటు వేరు. ఆ రోజు నేను ఆ ఊళ్లోనే వున్నాను. పక్క ఊరి నుండి ఒక ముసలి మేస్త్రీని పిలిపించారు. ఆయన మూత చుట్టూ తుడిచి, బోల్టులు విప్పి, మూత లేపి, "సారూ, ఇట్లా వంగి చూడండి" అన్నారు. రెండు గాడులు వరుస తప్పి వున్నాయి. ఆయన ఒక కర్ర ముక్క ఆనించి రెండు దెబ్బలు తట్టారు. 'టక్' మంది. నలుగురు నెడితే బండి కదిలింది. అరగంట కూడా పట్టలేదు. తరువాత రాడ్డు నాలుకను నా అరచేతిలో పెట్టారు. సబ్బు ముక్కలా అరిగి గుండ్రంగా వుంది. "ఇది నిన్న మొన్నటి అరుగుదల కాదు సార్, ఏళ్లది" అన్నారు.

నేను వెళ్లి పాత ఓచరు తీయించాను. కూలి, నూనె, ప్యాకింగు. ఒక్క కొత్త సామాను కూడా లేదు. అంటే మొదటిసారి కూడా జబ్బు ఇదే. బండినంతా విప్పి, కడ్డీలు సరిచేసి, నాలుకను ముట్టకుండా మళ్లీ బిగించారు. డ్రైవరు ఏ తప్పూ చేయలేదు. రాబట్టవలెనని నేను రాశాను, వాళ్లు రాబట్టారు.

నా పాత నివేదికను సవరిస్తూ ఇంకొకటి రాశాను. కోత పెట్టిన జీతం తిరిగి ఇవ్వాలని పాలకవర్గం తీర్మానించింది. కార్యదర్శి, నేను అతని ఇంటికి వెళ్లాం. అతను డబ్బు లెక్కపెట్టుకుని రసీదు మీద సంతకం చేశాడు. మళ్లీ పనిలోకి రమ్మన్నాం. రానన్నాడు. గేటు దాకా వచ్చి ఒక్క మాట అన్నాడు: "సార్, డబ్బు వచ్చింది సరే. గేరు విరగ్గొట్టినోడని ఊళ్లో చిన్నపిల్లలు కూడా అన్నారు. నేను విరగ్గొట్టలేదని కూడా పుస్తకంలో రాయించండి."

ఆ సంవత్సరం సర్వసభ్య సమావేశంలో ఆ సంగతి తీర్మానంగా రాసి, అందరి ముందూ చదివించాం. అతను వెనుక వరుసలో నిలబడి విన్నాడు. అరిగిన ఆ నాలుక ఇప్పటికీ నా బల్ల మీద వుంది. మరమ్మతు ఓచరు చేతికి వచ్చినప్పుడల్లా ముందు బండి దగ్గరకు నడుస్తున్నాను.

సంఘ సమావేశంలో చర్చకు

1. మీ సంఘం వాడే ట్రాక్టరు గేరు రాడ్డు రబ్బరు తొడుగు బాగుందా? నూనె చివరిసారి ఎప్పుడు మార్చారు? లాగ్ పుస్తకంలో వుందా?

2. ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రమే గేరు పడకపోతే ముందుగా ఏమి చూడాలి?

3. రెండు గేర్లు ఒకేసారి పడ్డాయని ఎలా కనిపెడతారు?

4. బండి దారిలో ఆగితే పాలు తెచ్చే రెండవ ఏర్పాటు మీ కేంద్రం గోడ మీద రాసి వుందా?

5. గత మూడేళ్ల మరమ్మతు ఓచర్లలో 'ఓవర్‌హాలింగ్' అని మాత్రమే వున్నవి ఎన్ని? వాటి పాత సామాన్లు ఎక్కడ వున్నాయి?